ఊరి చరిత్రకు చందా: అమెరికాలో జాతి సయోధ్య సంస్థకు నిధులు కూడగట్టడం ఎలా

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో ఇవాళ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 2020 జనగణన నాటికి ఆ కౌంటీ జనాభా రెండున్నర లక్షలు దాటింది. ఆ నేల ఒకప్పుడు ఎలా ఖాళీ అయిందో మాత్రం అక్కడ ఇల్లు కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. 1912 సెప్టెంబర్‌లో రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ని ఒక మూక జైల్లోంచి లాగి, కమ్మింగ్ ఊరి నడిబొడ్డున చంపేసింది. మరుసటి నెలలో ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు కుర్రాళ్లను ఉరితీశారు. ఆ నెలల్లోనే రాత్రిళ్లు గుంపులుగా వచ్చి, ఇళ్లమీద కాల్పులు జరిపి, చర్చిలు తగలబెట్టి, కౌంటీలో ఉన్న సుమారు 1,100 మంది నల్లవాళ్లను దాదాపు అందరినీ వెళ్లగొట్టారు. 1987 జనవరిలో దాదాపు 20,000 మంది ఊరేగింపు తీసేదాకా దేశం ఆ సంగతి పట్టించుకోలేదు. ఎడ్వర్డ్స్ పేరుతో ఊళ్లో ఒక చరిత్ర ఫలకం వెలిసింది 2021లో.

ఇలాంటి ఫలకం ఎక్కడ లేచినా దాని వెనక సాధారణంగా పదిమంది వాలంటీర్లు, ఒక బ్యాంకు ఖాతా, ఎప్పుడూ చాలని బడ్జెట్ ఉంటాయి. మీరు అలాంటి సంస్థ బోర్డులో చేరినా, చేరమని ఎవరైనా అడిగినా, డబ్బు సంగతి ఎలా చూసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం. గుడికి, సొంతూరి బడికి చందా వసూలు చేసిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. అందులో సగం ఇక్కడా పనికొస్తుంది. మిగతా సగం పనికిరాదు.

ముందుగా ఒక వస్తువు చూపించండి

"జాతుల మధ్య సయోధ్య కోసం సాయం చేయండి" అని అడిగితే తల ఊపుతారు గానీ చెక్కు రాయరు. సయోధ్య కంటికి కనిపించదు, ఎప్పటికి పూర్తవుతుందో ఎవరూ చెప్పలేరు. అడగాల్సింది ఒక ఫలకానికి, పాడుబడ్డ సమాధుల తోటలో ఇరవై రాళ్లకు, వయసు మీద పడ్డ పదిమంది జ్ఞాపకాలు రికార్డు చేయడానికి. ఒక ఏడాదికి ఒక్క పని ఎంచుకోండి.

దానికి బడ్జెట్ వేయండి. ఒక మోస్తరు కౌంటీలో ఫలకం పెట్టే ఏడాదికి 30,000 డాలర్ల లెక్క ఇలా ఉండొచ్చు:

పోత అల్యూమినియం ఫలకం, స్తంభం, రవాణా: 5,000
పునాది, అనుమతులు, నిలబెట్టే కూలీ: 1,500
వంశీకుల ప్రయాణం, బస: 6,000
పది మౌఖిక చరిత్ర రికార్డింగులు, ఒక్కోదానికి మాట్లాడినవారికి 200, రికార్డింగు, రాతప్రతికి 300: 5,000
ఆవిష్కరణ సభ: 3,000
బీమా, లెక్కల పని: 2,500
మరమ్మతుల నిల్వ: 4,000
అనుకోని ఖర్చులు: 3,000

అంకెలు మీ ఊరిని బట్టి మారతాయి. రెండు పద్దులు మాత్రం తగ్గించొద్దు. ఒకటి వంశీకుల ప్రయాణం. వెళ్లగొట్టబడ్డ వాళ్ల మనవలు, మునిమనవలు అట్లాంటాలో, డెట్రాయిట్‌లో, షికాగోలో ఎక్కడెక్కడో ఉంటారు. వాళ్లు లేకుండా జరిగే ఆవిష్కరణ సభ ఫొటోలకు తప్ప ఎందుకూ పనికిరాదు. రెండోది మరమ్మతుల నిల్వ. మిసిసిపిలో 1955లో తెల్లవాళ్లు చంపేసిన నల్లజాతి బాలుడు ఎమ్మెట్ టిల్ శవాన్ని నదిలోంచి తీసిన చోట 2008లో పెట్టిన బోర్డును దొంగిలించారు. తర్వాత పెట్టినవాటిని తూటాలతో తూట్లు పొడిచారు. 2019లో 500 పౌండ్ల పైచిలుకు బరువుతో, తూటాకు చెదరని ఉక్కు బోర్డు పెట్టాల్సొచ్చింది. జార్జియాలో 1918లో మూక చంపేసిన మేరీ టర్నర్ ఫలకానికీ అదే గతి పట్టింది. పెట్టిన ఫలకాన్ని ఎవరో పాడు చేస్తారనే అనుకుని లెక్క వేయండి.

డబ్బు అడిగే ముందు ఉచితంగా దొరికేవి చూసుకోండి. మాంట్‌గోమరీలోని ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ 1877-1950 మధ్య జరిగిన లించింగులకు (విచారణ లేకుండా మూక చేసే హత్యలకు) స్థానిక కూటములతో కలిసి ఫలకాలు పెడుతోంది. మీ ఊరి సంఘటన ఆ కోవలోకి వస్తే ముందు వాళ్లకే రాయండి. సమాధుల తోటలో పేరు లేని సైనికుల సమాధులుంటే, అంటే అంతర్యుద్ధంలో యూనియన్ పక్షాన పోరాడిన నల్లజాతి దళాలవాళ్లు, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లు, ఫెడరల్ వెటరన్స్ శాఖ రాయి ఉచితంగా ఇస్తుంది. దరఖాస్తు ఫారం 40-1330. ప్రైవేటు సమాధుల తోటలో దాన్ని నాటే ఖర్చు మాత్రం మీదే. సైనిక సేవకు కాగితం ఆధారం లేకుండా దరఖాస్తు పెడితే తిప్పి పంపుతారు, కాబట్టి ముందు రికార్డు వెతికే మనిషిని పట్టుకోండి.

స్థలం అనుమతి రాకముందు ఫలకానికి చందా మొదలుపెట్టకండి. చాలా సంస్థలు ఇక్కడే బోర్లా పడతాయి. డబ్బు వచ్చేస్తుంది, కౌంటీ కమిషనర్లు "కోర్టు ఆవరణలో వద్దు" అంటారు, రోడ్డు పక్కన పెడదామంటే అది రాష్ట్ర రవాణా శాఖ పరిధి అని తేలుతుంది. రెండేళ్లు గడిచిపోతాయి. ఇచ్చినవాళ్లు అడగడం మొదలెడతారు.

వంశీకుల మాట మొదట, డబ్బు మాట తర్వాత

ఓక్లహోమా రాష్ట్రం తల్సాలో 1921 మే 31, జూన్ 1 తేదీల్లో నల్లవాళ్లుండే గ్రీన్‌వుడ్ పేటను తెల్లవాళ్ల మూక తగలబెట్టింది. శతాబ్ది సందర్భంగా ఒక కమిషన్ ఏర్పడి, చరిత్ర కేంద్రం కోసం కోట్ల డాలర్లు సేకరించింది. అప్పటికి ప్రాణాలతో ఉన్న ముగ్గురు వృద్ధులకు ఇందులో ఏం దక్కుతుందన్న ప్రశ్న చివర్లో ముదిరింది. 2021లో జరగాల్సిన పెద్ద స్మారక సభ కొద్దిరోజుల ముందు రద్దయింది. ఎవరిది తప్పు అన్న వాదన వేరు. మీరు నేర్చుకోవాల్సింది ఒక్కటే: బాధిత కుటుంబాలకు సంబంధించిన లెక్క మొదటి సమావేశంలోనే తేల్చుకోవాలి.

అందుకు చేయాల్సిన పనులు ఇవి. బోర్డులో కనీసం ఇద్దరు వంశీకులు ఉండాలి, వాళ్లకు ఓటు ఉండాలి. చందా కరపత్రంలో వాళ్ల పెద్దల పేరు, ఫొటో వాడే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, వద్దంటే అంతటితో వదిలేయాలి. లించింగ్ ఫొటోలు ఏ కరపత్రంలోనూ, ఏ స్లయిడులోనూ పెట్టకూడదు. అవి ఆ రోజుల్లో పోస్టుకార్డులుగా అచ్చేసి అమ్ముకున్న బొమ్మలు. వాటితోనే మళ్లీ డబ్బు చేసుకోవడం ఏమిటని వంశీకులు అడిగితే జవాబు చెప్పలేరు. వంశీకుల్ని దాతల జాబితాలో పెట్టకండి. వాళ్లంతట వాళ్లు ఇస్తే తీసుకోండి, అడగొద్దు.

వాళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్ పెట్టాలనుకుంటే ఒక జాగ్రత్త. జార్జియా, అలబామా, ఫ్లోరిడా తన పరిధిలోకి వచ్చే 11వ సర్క్యూట్ అప్పీలు కోర్టు, అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ కేసులో 2024 జూన్‌లో ఇచ్చిన తీర్పులో, నల్లజాతి మహిళలకే పరిమితం చేసిన గ్రాంటు పోటీ పౌరహక్కుల చట్టానికి విరుద్ధమయ్యే అవకాశం ఎక్కువని చెప్పి దాన్ని ఆపింది. అర్హతను జాతితో కాకుండా "1912లో ఈ కౌంటీలో నివసించిన ఫలానా కుటుంబాల వంశీకులు" అని రాయడం ఒక దారి. అది కూడా లాయరు చూసిన తర్వాతే ప్రకటించండి. ఫోర్సైత్‌లో స్థానిక చర్చిలు వంశీకుల పేరుతోనే స్కాలర్‌షిప్ నడుపుతున్నాయి.

డబ్బు పడేందుకు సరైన ఖాతా

ఎవరి సొంత ఖాతాలోనూ, జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే సేవ) నంబరులోనూ చందా పడకూడదు. వందమంది చందాదారుల్లో ఒక్కడికి అనుమానం వచ్చినా చాలు, ఈ రంగంలో సంస్థ పేరు తిరిగి లేవదు. గిట్టనివాళ్లు కాచుకుని ఉంటారు.

రెండు మార్గాలున్నాయి. మొదటిది, ఇప్పటికే 501(సి)(3) హోదా, అంటే పన్ను మినహాయింపు హోదా ఉన్న సంస్థను ఫిస్కల్ స్పాన్సర్‌గా (మీ తరఫున చందా తీసుకునే సంస్థగా) పెట్టుకోవడం. ఆ ప్రాంత కమ్యూనిటీ ఫౌండేషనో, చరిత్ర సంఘమో కావచ్చు. వచ్చిన డబ్బులో మామూలుగా 5 నుంచి 10 శాతం వాళ్లు తీసుకుంటారు, రసీదులు వాళ్లే ఇస్తారు, లెక్కలు వాళ్లే చూస్తారు. మొదటి ఏడాదికి ఇదే మేలు. ఒప్పందంలో ఒక్క విషయం కచ్చితంగా ఉండాలి: విడిపోతే మిగిలిన డబ్బు ఎన్ని రోజుల్లో, ఎవరికి బదిలీ అవుతుందో.

రెండోది సొంత హోదా. రాష్ట్రంలో నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్‌గా నమోదు చేసి, ఈఐఎన్ (సంస్థ పన్ను నంబరు) తీసుకుని, ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు దరఖాస్తు చేస్తారు. రాబోయే మూడేళ్లలో ఏ ఏడాదీ ఆదాయం 50,000 డాలర్లు మించదని, ఆస్తులు 2,50,000 దాటవని అంచనా ఉంటే ఫారం 1023-ఈజెడ్ సరిపోతుంది, ఫీజు 275. లేకపోతే పూర్తి ఫారం 1023, ఫీజు 600. సంస్థ పుట్టిన 27 నెలల్లోపు వేస్తే హోదా పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. ఏటా ఆదాయం 50,000 లోపే ఉంటే 990-ఎన్ అనే చిన్న ఆన్‌లైన్ కార్డు ఐఆర్‌ఎస్‌కు పంపితే చాలు. క్యాలెండరు ఏడాది పాటించేవాళ్లకు గడువు మే 15. పది నిమిషాల పని. అయినా మూడేళ్లు వరసగా మరిచిపోతే హోదా దానంతటదే రద్దవుతుంది. చిన్న సంస్థల్లో ఇది తరచూ జరుగుతుంది, ఎందుకంటే లాగిన్ పాస్‌వర్డ్ తెలిసిన ఒక్క మనిషి ఊరు మారిపోతాడు. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి.

చాలా రాష్ట్రాల్లో చందా అడిగే ముందు విడిగా నమోదు కావాలి. జార్జియాలో అది సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం చూస్తుంది. చిన్న సంస్థలకు మినహాయింపులున్నా, మీ రాష్ట్ర నిబంధన చదివి, చదివినట్టు బోర్డు మినిట్స్‌లో రాయండి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఈ పని వాలంటీరుగా చేయొచ్చా అని అడుగుతుంటారు. మామూలుగా ఎవరైనా ఊరికే చేసే పని, జీతం లేని పని అయితే ఇబ్బంది ఉండదు. గౌరవ వేతనం పేరుతోనైనా సరే, ఏమీ తీసుకోకూడదు. సంస్థలో జీతానికి చేసే ఉద్యోగాన్ని ఉచితంగా చేయడం వేరే సంగతి, దానికి ఇమ్మిగ్రేషన్ లాయరును అడగాలి.

ఏ డబ్బు వద్దో ముందే రాసుకోండి

ఒక పేజీ చాలు, కానీ మొదటి చెక్కు రాకముందే బోర్డు ఆమోదించాలి. అందులో ఉండాల్సినవి: ఫలకం మీది వాక్యాలను మార్చే షరతుతో వచ్చే విరాళం తీసుకోం, ఫలకం మీద దాతల పేర్లు ఉండవు, 5,000 డాలర్లు దాటిన ప్రతి విరాళం బోర్డు ఓటుకు వస్తుంది, ఎన్నికల్లో నిలబడ్డ అభ్యర్థిని వేదిక మీద కూర్చోబెట్టే షరతు ఒప్పుకోం, పేరు చెప్పొద్దన్న దాత పేరు బయటపెట్టం, కానీ కోశాధికారికి, అధ్యక్షులకు తెలిసి తీరాలి.

ఈ కాగితం లేకపోతే ఏమవుతుంది? ఊళ్లో పెద్దమనిషి ఒకాయన 10,000 ఇస్తానంటాడు. "'మూక' అన్న మాట తీసేసి 'కొందరు వ్యక్తులు' అని రాయండి, 'వెళ్లగొట్టారు' బదులు 'వెళ్లిపోయారు' అనండి" అంటాడు. అప్పటికప్పుడు చర్చ పెడితే బోర్డు రెండు ముక్కలవుతుంది. కాగితం ముందే ఉంటే "మా నిబంధన ఇదండీ" అని మర్యాదగా చెప్పి బయటపడొచ్చు. ఆయనలో ఆ జంకు ఎక్కణ్నుంచి వస్తుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ పేర్లు ఎత్తితే మన పెళ్లిళ్ల భోజనాల బల్లల దగ్గర ఎవరు మాట మార్చేస్తారో గమనిస్తే చాలు. అయితే ఈ పోలికను చందా కరపత్రంలోకి ఎక్కించొద్దు. వంశీకులకు అది తమ కథను అరువు తీసుకున్నట్టు ఉంటుంది.

30,000 ఎన్ని చేతుల్లోంచి వస్తుంది

"వెయ్యిమంది తలా ముప్పై ఇస్తే చాలు" అన్న లెక్క కాగితం మీద బాగుంటుంది. వెయ్యిమంది ఎప్పుడూ రారు. ఏ చందా అయినా పైనుంచి నిండాలి:

6,000 ఇచ్చేవారు 1
3,000 ఇచ్చేవారు 2
1,500 ఇచ్చేవారు 4
500 ఇచ్చేవారు 10
200 ఇచ్చేవారు 25
50 ఇచ్చేవారు 40

మొత్తం 82 విరాళాలు, సరిగ్గా 30,000. మొదటి మూడు వరసల్లో ఉన్న ఏడుగురి నుంచే 18,000 వస్తుంది. ఒక్కో పెద్ద విరాళానికి అడగదగ్గ పేర్లు కనీసం మూడు చొప్పున రాసుకోండి, అంటే ఆ ఏడింటికి ఇరవై ఒక్క పేర్లు. ఆ పేర్లు దొరక్కపోతే లక్ష్యం తగ్గించండి, ఫలకాన్ని ఈ ఏడాదికి, రికార్డింగుల్ని వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

బోర్డులో ప్రతి ఒక్కరూ ముందు తమ వాటా ఇవ్వాలి. ఎంత అన్నది ముఖ్యం కాదు, పాతిక డాలర్లైనా సరే. "మీ బోర్డులో ఎంతమంది ఇచ్చారు?" అని ఫౌండేషన్లు నేరుగా అడుగుతాయి. అందరూ అన్న జవాబు తప్ప ఇంకేది చెప్పినా వినడానికి బాగుండదు. వంశీకుల విషయంలో మాత్రం ఈ నియమం సడలించండి, వాళ్లు వెచ్చించే సమయాన్నే వాటాగా లెక్కించండి.

బహిరంగంగా ప్రకటించేది సగానికి పైగా చేతికొచ్చాకే. 30,000లో 2,000 వచ్చిందని చూపించే పేజీ జనాన్ని వెనక్కి లాగుతుంది. 19,000 చూపించే పేజీ ముందుకు లాగుతుంది.

అడిగేటప్పుడు

పెద్ద విరాళాలు ఈమెయిల్‌లో రావు. ఇంటికెళ్లి అడగాలి, లేదా పన్నెండు, పదిహేను మందిని ఒక ఇంటికి పిలవాలి. ఆ ఇంటి సమావేశానికి గంటన్నర చాలు: అరగంట టీ, పలకరింపులు, ఇరవై నిమిషాలు వంశీకులో చరిత్రకారులో మాట్లాడతారు, ఇరవై నిమిషాలు ప్రశ్నలు, ఆ ఇంటివాళ్లు లేచి తాము ఎంత ఇచ్చారో చెప్పి, మిగతావాళ్లను అడగడానికి ఐదు నిమిషాలు. మిగిలిన సమయం ఫారాలు నింపడానికి. ఖర్చు నూటయాభై డాలర్లు దాటకూడదు. అడగాల్సింది ఇంటివాళ్లే. మాట్లాడడానికొచ్చిన వంశీకుల చేత అడిగిస్తే అది యాచనలా కనబడుతుంది, వాళ్లను అలా నిలబెట్టకూడదు.

తెలుగు ఇళ్లలో ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఇది మన గొడవ కాదు కదా?". దానికి ఉపన్యాసం వద్దు, రెండు నిజాలు చాలు. ఒకటి, జాతి కోటాలు తీసేసిన 1965 వలస చట్టం వచ్చింది పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే, ఆ తలుపులోంచే మన ముందు తరం ఇక్కడికొచ్చింది. రెండు, ఆ కౌంటీలో మన పిల్లలు చదువుతున్నారు, అక్కడ పొలాలు వదిలి పారిపోయినవాళ్ల వంశీకులు ఇంకా ఉన్నారు. ఆపై సూటిగా అడగడమే:

"అన్నా, సెప్టెంబర్‌లో ఫలకం పెడుతున్నాం. కుటుంబాలు నాలుగు రాష్ట్రాల నుంచి వస్తున్నాయి. వాళ్లలో ఒక కుటుంబం టికెట్లు, హోటలు మీరూ వదినా చూసుకోగలరా? 1,500 అవుతుంది."

అంకె చెప్పాక ఆగిపోండి. చాలామంది ఆ నిశ్శబ్దం భరించలేక "వీలైతేనే, ఎంతైనా పర్లేదు" అని తామే తగ్గించేస్తారు. అలా అన్న మరుక్షణం పదిహేను వందలు కాస్తా యాభై అవుతుంది.

తెలుగు సంఘాల సంక్రాంతి, ఉగాది వేదికల మీద పాటకూ నృత్యానికీ మధ్య రెండు నిమిషాలు దొరికితే అక్కడ డబ్బు అడగకండి. ఇంటి సమావేశం తేదీ చెప్పి, పేర్లు రాయించుకోండి.

ఎప్పుడు అడగాలి? ఘటన జరిగిన తేదీన మాత్రం వద్దు. ఆ రోజు పేర్లు చదవడానికి, మౌనంగా నిలబడడానికి. ఆ రోజు క్యూఆర్ కోడ్ బోర్డు కనిపిస్తే వంశీకుల మనసు విరుగుతుంది, విరిగినట్టు వాళ్లు చెప్పరు కూడా. దానికి ఆరు వారాల ముందు అడగండి, రెండు వారాల తర్వాత ఏం జరిగిందో రాసి పంపి మళ్లీ అడగండి. జూన్ 19 (బానిసత్వం ముగింపును గుర్తుచేసుకునే జూన్‌టీన్త్), ఫిబ్రవరి (నల్లజాతి చరిత్ర మాసం) అందరూ వాడతారు. థాంక్స్‌గివింగ్ తర్వాతి మంగళవారం వచ్చే గివింగ్ ట్యూస్‌డే నాడు చిన్న సంస్థల ఉత్తరం పెద్దవాళ్ల ఉత్తరాల కింద పడి నలిగిపోతుంది. డిసెంబర్ 26-31 మధ్య పన్ను లెక్క చూసుకునేవాళ్లు ఇస్తారు, ఆ వారంలో కనీసం రెండు ఉత్తరాలు వెళ్లాలి.

కంపెనీ మ్యాచింగ్, పన్ను లెక్క

తెలుగువాళ్ల దగ్గర ఈ మార్గం బలమైనది, ఎందుకంటే టెక్ కంపెనీల్లో చాలావాటికి మ్యాచింగ్, అంటే ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కూడా కలిపే పద్ధతి, ఉంది. అమెరికాలో మైక్రోసాఫ్ట్ తన ఉద్యోగి ఇచ్చిన విరాళానికి ఏడాదికి 15,000 డాలర్ల దాకా సమానంగా కలుపుతుంది. వాలంటీరుగా గడిపిన గంటలకూ డబ్బిచ్చే కంపెనీలున్నాయి. మీరు చేయాల్సింది బెనెవిటీ, యువర్‌కాజ్ లాంటి వేదికల్లో సంస్థను ముందుగా నమోదు చేసి, బ్యాంకు ఖాతా ధ్రువీకరించుకోవడం. దీనికి వారాలు పట్టొచ్చు, కాబట్టి డిసెంబర్ 20న మొదలెడితే లాభం లేదు. ఫిస్కల్ స్పాన్సర్ కింద ఉంటే స్పాన్సర్ పేరే వెతకాలి, మీ ప్రాజెక్టు పేరు నోట్‌లో రాయించాలి. రాయకపోతే డబ్బు స్పాన్సర్ సాధారణ ఖాతాలో కలిసిపోతుంది, మూడు నెలల తర్వాత వెతుక్కోవాలి. మ్యాచింగ్ డబ్బు ఆలస్యంగా వస్తుంది, దాన్ని నమ్ముకుని ఫలకానికి ఆర్డరు పెట్టకండి.

2026 పన్ను ఏడాది నుంచి ఐటెమైజ్ చేయనివాళ్లకూ (మినహాయింపులను విడివిడిగా చూపనివాళ్లకూ) నగదు విరాళాల మీద మినహాయింపు ఉంది: ఒంటరివారికి 1,000 డాలర్లు, దంపతులు కలిసి ఫైల్ చేస్తే 2,000 దాకా. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే మధ్యతరగతి దాతలకు ఇది మంచి కబురు, ఉత్తరంలో ఒక వాక్యం రాయండి. 70½ ఏళ్లు దాటినవాళ్లు ఐఆర్‌ఏ (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా) నుంచి నేరుగా ఇస్తే ఆ మొత్తం వాళ్ల ఆదాయంలో కలవదు. చర్చి పెద్దలు, రిటైరైన టీచర్లలో ఇలా ఇవ్వగలిగినవాళ్లు ఎక్కువ. చిక్కేమిటంటే ఆ చెక్కు బ్రోకరేజీ పేరుతో వస్తుంది, దాత పేరు ఒక్కోసారి ఉండదు. ఇస్తామన్నవాళ్లను ముందే ఫోన్ చేసి చెప్పమనండి.

డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ (దాత ముందే డబ్బు వేసి, తర్వాత ఎవరికివ్వాలో సూచించే ఖాతా) నుంచి వచ్చే డబ్బుకు పన్ను రసీదు ఇవ్వకూడదు, దాతకు ఆ మినహాయింపు ముందే దక్కింది. కృతజ్ఞత ఉత్తరం చాలు. ఆ డబ్బుతో విందు టికెట్లు కొననివ్వకూడదు కూడా. కార్డు రుసుముల దగ్గర చిన్న ఆదా: స్ట్రైప్‌ను నాన్‌ప్రాఫిట్ రేటు అడిగితే 2.9 శాతం బదులు 2.2 శాతం, దానిమీద 30 సెంట్లు. అడగనిదే ఇవ్వరు.

గ్రాంట్లు

మొదటి ఏడాది వీటిమీద ఆశ పెట్టుకోవద్దు. వచ్చినా ఆ డబ్బుతో జీతాలు మొదలుపెట్టొద్దు. 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ ప్రభుత్వం ఎన్‌ఈహెచ్ (చరిత్ర, సాహిత్యం వంటి రంగాలకు నిధులిచ్చే జాతీయ సంస్థ) గ్రాంట్లను ఒక్కసారిగా రద్దు చేస్తే రాష్ట్రాల హ్యుమానిటీస్ కౌన్సిళ్లు దిక్కుతోచక నిలబడ్డాయి, మెలన్ ఫౌండేషన్ 1.5 కోట్ల డాలర్ల అత్యవసర సాయం ప్రకటించాల్సి వచ్చింది. ఫెడరల్ గ్రాంట్లలో చాలావరకు ముందు మీరు ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పంపే పద్ధతి. చేతిలో నిల్వ లేని సంస్థకు గ్రాంటు రావడమే కష్టాల మొదలు. ఫెడరల్ గ్రాంట్లకు కావాల్సిన శామ్.గవ్ సైట్‌లో నమోదు ఉచితం. నమోదు చేస్తాం, ఫీజు కట్టండి అని వచ్చే ఈమెయిళ్లు చెత్తబుట్టలో వేయండి.

వరస ఇలా పెట్టుకోండి: మొదట మీ ప్రాంత కమ్యూనిటీ ఫౌండేషన్, ఊళ్లోని చర్చిల మిషన్ నిధులు, రోటరీ. తర్వాత రాష్ట్ర హ్యుమానిటీస్ కౌన్సిల్. పాత కట్టడమో చర్చో ఉంటే నేషనల్ ట్రస్ట్ నడిపే ఆఫ్రికన్ అమెరికన్ కల్చరల్ హెరిటేజ్ యాక్షన్ ఫండ్ చూడండి. మెలన్ వాళ్ల మాన్యుమెంట్స్ ప్రాజెక్టు 50 కోట్ల డాలర్లది, పేరు విని ఉంటారు, కానీ ముగ్గురు వాలంటీర్ల సంస్థకు అది మొదటి మెట్టు కాదు.

ఏ ఫౌండేషన్‌కు రాసే ముందైనా వాళ్లు ఐఆర్‌ఎస్‌కు ఏటా ఇచ్చే 990-పీఎఫ్ ఫారం చదవండి, ప్రోపబ్లికా సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నిరుడు ఎవరికి ఎంత ఇచ్చారో అందులో వరసగా ఉంటుంది. అందరికీ 5,000 ఇచ్చినవాళ్లను 40,000 అడగడం ఇద్దరికీ టైం దండగ. ఈమధ్య కంపెనీల నిధులు కొన్ని మాటలు చూసి బెదురుతున్నాయి. "చరిత్ర పరిరక్షణ", "సమాధుల తోట పునరుద్ధరణ" అని రాస్తే అబద్ధం కాదు, మీరు చేసే పని అదే. ఫలకం మీద రాసే వాక్యాన్ని మాత్రం దరఖాస్తులోనూ దాచకండి.

విందు పెట్టాలని బోర్డు ఉబలాటపడితే

ఈ లెక్క చూపించండి. నూటయాభైమందికి భోజనం 45 చొప్పున 6,750. హాలు 2,500. సౌండు, బీమా 1,000. మొత్తం 10,250. టికెట్ 75 చొప్పున అన్నీ అమ్ముడైతే 11,250. మూడు నెలల చాకిరీకి మిగిలేది వెయ్యి. హాలు దాత ఇచ్చి, వంట గుడి కిచెన్‌లోనో చర్చి హాలులోనో వాలంటీర్లు చేస్తే తప్ప ఈ లెక్క మారదు. పైగా 75 డాలర్లు మించిన టికెట్‌కు అందులో భోజనం విలువ ఎంత, మినహాయింపు ఎంతకు అన్నది రాతలో చెప్పాలి. 100 టికెట్‌లో భోజనం 40 అయితే మినహాయింపు 60కే. చెప్పకపోతే ఒక్కో విరాళానికి 10 డాలర్ల జరిమానా, ఒక కార్యక్రమానికి 5,000 దాకా.

రసీదు, లెక్క

విరాళం అందిన 48 గంటల్లో ఫోన్ లేదా ఉత్తరం. 250 డాలర్లు, ఆపైన ప్రతిదానికీ రాతపూర్వక రసీదు ఉండాలి: సంస్థ పేరు, మొత్తం, తేదీ, ప్రతిగా సరుకూ సేవా ఏదీ ఇవ్వలేదన్న వాక్యం. సభలో వచ్చిన నగదును ఇద్దరు కలిసి అక్కడే లెక్కపెట్టి సంతకాలు చేయాలి. ఫలకానికని ఇచ్చిన డబ్బు ఫలకానికే. బీమా గడువు ముంచుకొచ్చింది కదా అని దాన్ని తీసి కడితే తర్వాత పూడ్చినా ఆడిటరుకు జవాబు చెప్పాలి. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి విరాళం పక్కన "దేనికి" అన్న గడి మొదటి రోజు నుంచే ఉంచండి.

ఆవిష్కరణ అయ్యాక 30 రోజుల్లోపు ఇచ్చిన 82 మందికీ ఒకే పేజీ ఉత్తరం పంపండి. ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది, ఎంత మిగిలింది, మరమ్మతుల నిల్వ ఏ ఖాతాలో ఉంది, ఫలకానికి ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి. ఫలకం నిలబెట్టిన రోజే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి బీమా ఫైల్లో పెట్టండి. పోత పోసిన కంపెనీ దగ్గర అచ్చు ఎన్నాళ్లు ఉంచుతారో రాతలో తీసుకోండి, రెండోసారి పోయించాల్సి వస్తే అదే అచ్చు అడగొచ్చు.